పలికినవాణ్ణి కాల్చకూడదు

వీసాకి కావలసినవన్నీ దేవమ్మ దగ్గరున్నాయి, ఒక్క మొగుడు తప్ప.

పాస్‌పోర్టు ఉంది, దానికింకా బోలెడు గడువుంది. పోలీసుల కాగితం వచ్చింది. రక్తం తీసి, ఛాతీకి ఎక్స్‌రే తీసి, ఏ రోగమూ లేదని డాక్టరు ముద్ర కొట్టాడు. బందరు కోనేరు సెంటర్లో తెల్లగుడ్డ ముందు కూర్చోబెట్టి ఫొటో తీశారు. చెవులు రెండూ కనపడాలట, నవ్వకూడదట. నవ్వకూడదన్న రూలు మాత్రం ఆమెకి చాలా తేలిగ్గా కుదిరింది. మస్కట్‌లో ఎవరింట్లోనో వంటపని. వాళ్ళు రమ్మన్నారు. అయినా దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్న సామెత ఊరికే పుట్టిందా?

పూజారి ఇక్కడ గుడివాడ అల్లాబక్షు. మనిషి మంచివాడే. గల్ఫ్‌కి వెళ్ళే ఆడవాళ్ళ కాగితాలు చూసిపెడుతుంటాడు. దేవమ్మ ఇచ్చినవన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, "మీ ఆయన అంగీకార పత్రమేదమ్మా?" అన్నాడు.

"ఆయన లేరండి."

"అయ్యో, పోయారా? అయితే చావు సర్టిఫికెట్టు పెట్టండి. సరిపోతుంది."

"పోలేదండి."

అల్లాబక్షు కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు.

"సముద్రంలోకెళ్ళి ఒడ్డుకి రాలేదండి, ఏడేళ్ళు దాటింది," అంది దేవమ్మ.

వాళ్ళ పల్లెలో ఇంతకు మించి ఎవరూ అనరు. గిలకలదిండి నుంచి వేటకెళ్ళిన బోటు గాలివానలో చిక్కుకుంది. ఇద్దరి శవాలు కోడూరు వైపు కొట్టుకొచ్చాయి. దేవమ్మ మొగుడు రాలేదు. శవం చూడకుండా చచ్చాడనే మాట ఎవరి నోటా రాకూడదు. అంటే సముద్రం అది విని ఖాయం చేసుకుంటుందని భయం. అందుకే దేవమ్మ బొట్టు చెరపలేదు, గాజులు తియ్యలేదు. ముత్తైదువనంటే పేరంటానికి పిలవరు, విధవనంటే పింఛనివ్వరు. అడకత్తెరలో పోకచెక్క బతుకు.

"పేరు చెప్పండి, మీ ఆయనది," అన్నాడు అల్లాబక్షు.

ఆమె ఆధార్ కార్డు తీసి, దాని మీద వేలు పెట్టి చూపించింది. ఆ పల్లె ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. అతనది గ్రహించి తనే చదువుకున్నాడు. నాంచారయ్య.

"రెండే దారులు చెల్లెమ్మా. ఉన్నాడంటే ఆయన వేలిముద్ర కావాలి. లేడంటే సర్టిఫికెట్టు కావాలి. ఏడేళ్ళు దాటింది కాబట్టి కోర్టులో అడగొచ్చు. మీ ఊరి పెద్దలొచ్చి సాక్ష్యం చెప్పాలి మరి. ఉన్నాడూ లేడూ అంటే మాత్రం ఏ దేశమూ రానివ్వదు."

బస్సులో తిరిగొస్తూ దేవమ్మ ఆ మాటే తలుచుకుంది. ఉన్నాడూ లేడూ. ఆమె బాధంతా అదే కదా.

వేట నుంచి వచ్చిన మగవాళ్ళు ఇసక కాళ్ళతో ఇంట్లోకి రారు. గుమ్మం పక్క రాతి మీద నిలబడి, బక్కెట్లో చెంబు ముంచి కాళ్ళ మీద పోసుకుంటారు. నాంచారయ్య రెండు చెంబులు పోసుకుని, మూడోది పుక్కిలించి ఉమ్మేవాడు. అతను ఒడ్డుకి రాని ఏడాది నుంచీ, దీపాలు పెట్టే వేళకి ఆ చప్పుడు వినపడుతోంది. ముంచడం, పొయ్యడం, పుక్కిలించడం. మొదట్లో ఆనందంతో పరిగెత్తింది. రాయి పొడిగా ఉండేది. తర్వాత భయమేసి చెవులు మూసుకుంది. ఇప్పుడు ఆ భయం కూడా లేదు. మధ్యాహ్నం నుంచే ఆ చప్పుడు కోసం ఎదురుచూస్తోంది, అది వినపడేదాకా ముద్ద దిగడం లేదు. అందుకే తన మీద తనకి అసహ్యం పుట్టింది. ఇట్లాగే ఉంటే ఓ సాయంత్రం ఆ చప్పుడు వెంటే తనూ వెళ్ళిపోతుంది. మస్కట్టో మరోటో, ఆ గుమ్మం లేని చోటికి పోవాలి.

అత్త పాపాయమ్మకి ఆ చప్పుడు వినపడదు. వినపడక్కర్లేదు కూడా. కొడుకు ఎక్కడున్నాడో ఆవిడ ఎప్పుడో తేల్చేసుకుంది. "ఏ దేశం నీళ్ళలోకో పోయుంటాడు. కాగితాల్లేవని జైల్లో పెట్టుంటారు. కాగితం లేకుండా ఎవడు రానిస్తాడు, ఎవడు పోనిస్తాడు?" అంటుంది. ఆ మాట అన్న పూట కడుపునిండా తింటుంది.

కర్మ చెయ్యకుండా ఊరి పెద్దలు సాక్ష్యానికి రారు. ఇలాంటి మనిషితో కర్మ మాట ఎత్తడమెట్లా? పక్కింటావిడ ఉపాయం చెప్పింది: "వేలిముద్రే గదా, ఎవడి వేలైతే ఏంటి? మా మరిదిని పంపుతాను." గోడకి చేరగిలి రొయ్యలు వలుస్తున్న పాపాయమ్మ అది విననే విన్నది.

"ఎవరి వేలూ వద్దు," అంది. ఆవిడ గొంతు ముందునుంచీ మగగొంతే, సముద్రపు గాలికి అరిచి అరిచి ఇంకా బొంగురుపోయింది. "వాడుంటే నిన్ను పంపేవాడా? చచ్చినా పంపడు. వాడు ఒప్పుకున్నాడని నా కొడుకు మీద అబద్ధమాడొద్దు. పెద్దల్ని పిలిచి కర్మ చేయించు."

దేవమ్మ నిర్ఘాంతపోయింది.

"అత్తా, మరి నువ్వు..."

"నేనూ వస్తా. నువ్వు రోజూ అన్నం ముందేసుకుని గుమ్మం వంక చూడటం నాకు కనపడతాలేదా? ఎండిపోతున్నావే. నా కళ్ళ ముందు ఇంకో పీనుగని చూడలేను."

కులపెద్ద దుర్గారావు కూడా కర్మ కాకుండా కోర్టులో సాక్ష్యం చెప్పలేనన్నాడు. ఒడ్డుకి రానివాళ్ళకి వాళ్ళ పల్లెలో ఓ పద్ధతుంది. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి దగ్గర దర్భతో బొమ్మ కట్టి, దానికి ఆ మనిషి చొక్కా తొడుగుతారు. పెళ్ళాం మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఎన్నడూ అనని పేరుని మూడుసార్లు పిలవాలి. పలక్కపోతే బొమ్మకి నిప్పు పెడతారు. పలికినవాణ్ణి మాత్రం కాల్చకూడదు. ఈ చివరి మాట ఏదో చెప్పాలి గనక చెబుతారు. ఎవడైనా పలికినట్టు ఆ పల్లెలో చెప్పుకోగా ఎవరూ వినలేదు.

పొద్దున్నే ఆటో మాట్లాడుకుని వెళ్ళారు. దుర్గారావు, ఇద్దరు పెద్దలు, అత్తాకోడళ్ళు. నది ఎక్కడ ఆగిందో సముద్రం ఎక్కడ మొదలైందో తెలీకుండా నీళ్ళు మట్టిరంగులో ఉన్నాయి. సరుగుడు పుల్లల మీద దర్భబొమ్మని పడుకోబెట్టారు. నీలంగళ్ళ చొక్కా దానికి వదులైంది. పాపాయమ్మ వంగి పై గుండీ పెట్టింది.

దేవమ్మ నీళ్ళలోకి దిగింది. మొదటిసారి పేరు గొంతు దాటలేదు.

"గట్టిగా అమ్మా," అన్నాడు దుర్గారావు.

"నాంచారయ్యా!"

కాపరం చేసినన్నాళ్ళూ నోట పలకని ఆ పేరు ఎంత బాగుందో ఆమెకి అప్పుడు తెలిసింది. రెండోసారి పిలిచింది. కెరటం వచ్చి వెనక్కి పోయింది. మూడోసారి పిలవబోతూ, అత్త ఎలా ఉందోనని వెనక్కి తిరిగింది. మగవాళ్ళు ముగ్గురూ సముద్రం వంక చూస్తున్నారు. పాపాయమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, పళ్ళతో బిగబట్టి నిలబడింది.

"నాంచారయ్యా!"

"ఆఁ, వస్తన్నా!"

బొంగురు గొంతు. అంత దగ్గర్నుంచి. దుర్గారావు చేతిలోంచి అగ్గిపెట్టె ఇసకలో పడింది.

ముగ్గురు మగాళ్ళూ గిర్రున పాపాయమ్మ వైపు తిరిగారు. ఆవిడ నోట్లోంచి కొంగు జారిపోయింది. మొహం వెలిగిపోతోంది. "నా కొడుకు!" అంది. "విన్నారా? నా కొడుకు పలికాడు!"

"పలికినవాణ్ణి కాల్చకూడదు," అన్నాడో పెద్దాయన, పేలవంగా. "లెండి, పోదాం."

దేవమ్మ నీళ్ళలోనే నిలబడింది. వెనక్కి పోతే కోర్టు లేదు, వీసా లేదు. ఇక చచ్చేదాకా ఆ గుమ్మం, ఆ పొడిరాయి. అందరికన్నా ఆమెకే బాగా తెలుసు ఆ గొంతెవరిదో. ఆ గొంతు పక్కనే కాపరం చేసింది.

"మా అత్తే పలికింది," అంది.

"నేను కాదే!" అంది పాపాయమ్మ.

"నువ్వే అత్తా. నేను నీ మొహం వంకే చూస్తన్నా. పెదాలు కదిలినయ్." దుర్గారావు వైపు తిరిగింది. "కన్నపేగు బాబాయ్, ఆపుకోలేకపోయింది. ముట్టించండి."

దుర్గారావు ఆవిణ్ణీ ఈవిణ్ణీ మార్చి మార్చి చూశాడు. తల్లి పలకడంలో వింతేముంది? జాలిపడి అగ్గిపెట్టె వెతుక్కున్నాడు. దర్భ ఒక్కసారిగా అంటుకుంది. చొక్కా మాత్రం ఆలస్యంగా కాలింది.

పెద్దలు ముగ్గురూ కోడూరులో పనుందని దిగిపోయారు. ఆటోలో అత్తాకోడళ్ళే మిగిలారు. చాలాసేపు పాపాయమ్మ తన పెదాల్ని వేళ్ళతో తడుముకుంటూ కూర్చుంది.

"దేవీ, నా మీద ఒట్టేసి చెప్పు. నేనే పలికానా?"

కాదంటే చాలు. ముసల్ది ఆ ఒక్క మాట పట్టుకుని హాయిగా బతికేస్తుంది. రేపు దుర్గారావు గుమ్మం ముందుకెళ్ళి, నా కొడుకున్నాడు, సాక్ష్యం చెప్పొద్దంటుంది. దేవమ్మ అత్త తల మీద చెయ్యి పెట్టింది.

"నువ్వే పలికావత్తా."

పాపాయమ్మ తలూపింది. "అయితే వాడు లేడు," అంది.

ఆ మాట అన్నాక గుండెలు బాదుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఏడవని మనిషి, కొడుకు పోయిన తల్లి ఎలా ఏడవాలో అలా ఏడ్చింది. దేవమ్మకి కన్నీళ్ళు రాలేదు. వస్తన్నా అన్న మనిషిని తగలబెట్టి వస్తున్నానని, ఆ సంగతి భూమ్మీద తనొక్కదానికే తెలుసునని, ఏ దేశం పోయినా అది తన వెంట వస్తుందని ఆమెకి అర్థమైపోయింది.

ఆటో అబ్బాయి కంగారుపడి వేగం తగ్గించాడు. "ఆపమంటారా అండీ?"

"వద్దు," అంది దేవమ్మ, అత్తని పొదివి పట్టుకుని. "ఆపొద్దు, పోనియ్."