లీటరుకి రెండు గ్లాసులు

పటమటలో పాస్టరుగా ఉన్న సొలొమోను గారికి మిషను వారు మోపెడ్ ఇచ్చింది డెబ్భై అయిదో సంవత్సరం ఎండాకాలంలో. అంతకుముందు పదహారేళ్ళపాటు ఆయన సైకిలు తొక్కుకుంటూనే కంకిపాడు దాకా ఒక వైపు, గన్నవరం దాకా ఇంకో వైపు సంఘాలన్నీ చూసుకున్నారు. సైకిలుకి గాలి కొడితే చాలు. మోపెడ్‌కి పెట్రోల్లో ఆయిలు కలిపి పోయాలి. ఎంత కలపాలో చెప్పే చిన్న పుస్తకం బండితోపాటు వచ్చింది గానీ, పాస్టరు గారు మొదటి వారమే దాన్ని కరపత్రాల కట్టలో కలిపేసి ఎవరికో పంచేశారు.

అప్పుడు సలహా చెప్పడానికి సంఘ పెద్ద సంజీవరావు గారు ముందుకొచ్చారు. ఆయన రైల్వేలో ముప్ఫై ఏళ్ళు బొగ్గు ఇంజన్లు నడిపి రిటైరైన మనిషి. ఇంజన్ల విషయంలో ఆయన మాట కాదనడానికి సంఘంలో ఎవరికీ ధైర్యం చాలదు.

“అయ్యగారూ, నూనె తక్కువైతే ఇంజను చస్తుంది గానీ ఎక్కువైతే చావదండీ. ధారాళంగా పొయ్యండి,” అన్నారు.

పాస్టరు గారు ప్రార్థన చేసినంత ధారాళంగానే ఆయిలూ పోశారు. దాంతో బందరు రోడ్డు మీద పొగ లేచిందంటే అయ్యగారు బయల్దేరారని ఊరంతటికీ తెలిసిపోయేది. దోమల మందు కొట్టేవాళ్ళు వచ్చారనుకుని కొందరు కిటికీలు మూసుకునేవారు.

ఈ పొగలో అసలు కష్టం పాస్టరు గారి భార్య మార్తమ్మది. వెనక క్యారియరు మీద ఒక పక్కకి కూచుని వెళ్ళేది ఆవిడే. ఆదివారం మల్లెపూవులాంటి తెల్లచీర కట్టుకుని బయల్దేరితే, కంకిపాడు చేరేసరికి కుచ్చిళ్ళనిండా నల్లటి జిడ్డు చుక్కలు. కుంకుడురసంలో రాత్రంతా నానబెట్టినా అవి కదిలేవి కావు. పెళ్ళికి ముందు మార్తమ్మ మిషను ఆసుపత్రిలో పదకొండేళ్ళు నర్సుగా చేసింది. మందు ఒక్క చుక్క అటూ ఇటూ అయితే డాక్టరమ్మ ఎముకలు ఏరేసేది. అలాంటి చోట పనిచేసి వచ్చిన మనిషికి, డబ్బా ఎత్తి గడగడా ఒంపేసే మొగుణ్ణి చూస్తుంటే అరికాలి మంట నెత్తికెక్కేది.

వారం వారం ప్లగ్గు శుభ్రం చేసి ఇచ్చే మెకానిక్కు బసవపున్నయ్యకీ అంతే. అతను ఎర్రజెండా మనిషి, దేవుడి జోలికి పోడు.

“లీటరుకి నలభై మిల్లీలీటర్లు అయ్యగారూ,” అన్నాడు ఒకరోజు, సైలెన్సరు విప్పి లోపల పేరుకున్న మసి చూపిస్తూ. “మీ పరలోకం సంగతి నాకు తెలీదు గానీ, ఈ గొట్టం సంగతి నాకు తెలుసు. ఇంకో నెల ఇలాగే పోశారంటే దీనికి ఊపిరాడదు.”

మసి చూసి పాస్టరు గారు హడలిపోయారు. ఆయనకి మధ్యేమార్గం ఎప్పుడూ తెలీదు. మర్నాడు కంకిపాడులో పెళ్ళి జరిపించాలి. బయల్దేరేముందు పెట్రోల్లో ఆయిలు సీసా మూతలో సగం, అంటే ముక్కులో వేసుకునే మందంత పోసి, “ఇకమీదట మితం, మార్తా, మితం,” అన్నారు.

పోరంకి దాటగానే బండి కీచుమని అరిచి బిగదీసుకుపోయింది. మార్తమ్మ ఎలాగో దూకి నిలబడింది. పాస్టరు గారు రోడ్డు పక్క గడ్డిలో చక్కగా పద్మాసనంలో కుదురుకున్నారు. లోపల పిస్టను పట్టేసింది. చివరికి తవుడు బస్తాలు వేసుకెళ్ళే ట్రాక్టరొకటి ఆపి, బస్తాల మీద కూచుని గంట ఆలస్యంగా పెళ్ళిపందిట్లో దిగారు. పెళ్ళికూతురి తల్లి అమలమ్మ ఆయన అంగీకి అంటిన తవుడు దులుపుతూ, “పెళ్ళి చెయ్యడానికొచ్చారా అయ్యగారూ, గేదెలకి దాణా పెట్టడానికొచ్చారా?” అంది. పందిరంతా గొల్లుమంది. మార్తమ్మకి తల కొట్టేసినట్టయింది.

బండి బాగుచేశాక బసవపున్నయ్య పాస్టరు గారితో మాట్లాడ్డం మానేసి నేరుగా మార్తమ్మతోనే చెప్పాడు. “అమ్మగారూ, ఇకనుంచి మీరు కలపండి. కొలిచి పొయ్యండి. ఆయన చేతికి మాత్రం డబ్బా ఇవ్వకండి.”

దేంతో కొలవాలి? ఇంట్లో వెతికితే కాఫీ గ్లాసులు పెద్దవి, చెంచాలు చిన్నవి. బీరువా అడుగున, ప్రభు భోజనంలో ద్రాక్షారసం పంచే చిట్టి గాజు గ్లాసుల పెట్టె కనిపించింది. పాత ఆసుపత్రి సిరంజితో నీళ్ళు నింపి చూసింది. ఒక్కో గ్లాసులో సరిగ్గా ఇరవై మిల్లీలీటర్లు పట్టాయి. అంటే లీటరుకి రెండు గ్లాసులు. మార్తమ్మ అటూ ఇటూ చూసింది. పెట్టె అడుగున, అంచు కాస్త పగిలిన గ్లాసు ఒకటుంది, దాన్ని ఎలాగూ ఎవరూ వాడరు. ప్రభువు ఇంతకన్నా పెద్ద తప్పులే క్షమించాడని సరిపెట్టుకుని దాన్ని తీసుకుంది.

ఆ రోజునుంచి మోపెడ్ కుట్టుమిషనులా నడిచింది. పొగ లేదు, మసి లేదు. తెల్లచీర తెల్లగానే తిరిగొచ్చింది. తన ప్రార్థన ఫలించిందని పాస్టరు గారు సంతోషించారు. మార్తమ్మ దిద్దలేదు. గ్లాసు తుడిచి వంటింటి కిటికీలో పెట్టుకునేది.

సెప్టెంబరు మొదటి ఆదివారం ప్రభు భోజనానికి జనం అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చారు. చర్చి పనులు చూసే ఆమోసు గ్లాసులు లెక్కపెట్టాడు. ఒకటి తగ్గింది. పాస్టరు గారింటికి పరిగెత్తి వెతికితే కిటికీలో కనబడనే కనబడింది. గబగబా నీళ్ళతో తొలిచి పళ్ళెంలో పెట్టేశాడు. మోటారు ఆయిలు జిడ్డు నీళ్ళకి పోతుందా?

ఆడవాళ్ళ వైపు రెండో చాప మీద కూచున్న మార్తమ్మ పళ్ళెంలో పగిలిన అంచు చూసింది. అప్పటికే అది సంజీవరావు గారి చేతిలోకి వెళ్ళిపోయింది. ఎర్రటి రసం మీద నెమలిపింఛం రంగులు తేలుతున్నాయి. లేచి అరవాలా? గుడి మధ్యలో, అంత నిశ్శబ్దంలో, ఏమని అరవాలి? ‘నాలుగు చుక్కలుంటాయేమో, ప్రాణం పోదు,’ అని ఆవిడలోని నర్సు లెక్కగట్టింది. ఆయన సలహాకి బలైపోయిన చీరలు కూడా ఆ క్షణంలో గుర్తొచ్చాయి. మార్తమ్మ తల వంచుకుంది.

సంజీవరావు గారు గుక్క వేశారు. కళ్ళు పెద్దవయ్యాయి. చెవులు ఎర్రబడ్డాయి. నోట్లో ఉన్నది ప్రభువు రక్తం, ఉమ్మడానికి లేదు. కళ్ళు గట్టిగా మూసుకుని మింగారు. కళ్ళవెంట నీళ్ళు కారాయి. పక్కవాళ్ళు అది భక్తి అనుకున్నారు.

మూడు రోజులు ఆయన ఇల్లు కదల్లేదు. ఇల్లంటే ముఖ్యంగా పెరడు. మరుసటి ఆదివారం చర్చికొచ్చి సాక్ష్యం చెప్పడానికి లేచారు. “ఆ రసంలో నాకు తైలం రుచి తగిలింది. ప్రభువు నన్ను అభిషేకించాడు. మూడు రోజులు నా లోపలి మలినమంతా కడిగేశాడు,” అన్నారు. సంఘమంతా హల్లెలూయ అంది. పాస్టరు గారు చేతులు పైకెత్తారు. మార్తమ్మకి మాత్రం ఆ చాపలోనే కూరుకుపోతే బాగుండుననిపించింది.

నవ్వు దాచుకోవచ్చు, అబద్ధపు అద్భుతాన్ని దాచుకోవడం కష్టం. బుధవారానికి ఇద్దరు ముసలమ్మలు ఆ తైలం తమకీ ఇప్పించమని ఇంటికొచ్చారు. వాళ్ళకి మజ్జిగిచ్చి పంపేసి, మార్తమ్మ నేరుగా సంజీవరావు గారింటికి నడిచింది. అరుగు మీద నిలబడే అంతా చెప్పేసింది. తను చూసీ ఆపలేదన్న సంగతి కూడా దాచలేదు.

ఆయన మీసం సర్దుకున్నారు.

“మోపెడ్ ఆయిలా?”

“అవునండీ.”

“లీటరుకి ఎంత కలుపుతున్నారు?”

“రెండు గ్లాసులండీ. నలభై మిల్లీలీటర్లు.”

“తక్కువ,” అన్నారు సంజీవరావు గారు అలవాటు కొద్దీ. ఆ వెంటనే పొట్ట మీద చెయ్యి వేసుకుని, “లేదులెండి. సరిపోతుంది,” అన్నారు.

ఆ ఆదివారం ఆయన మళ్ళీ లేచారు. “పోయిన వారం చెప్పిన సాక్ష్యంలో చిన్న సవరణ. అది అభిషేక తైలం కాదు, మోపెడ్‌లో పోసే ఆయిలు. గ్లాసు మారిపోయింది. ఎవర్నీ ఏమనకండి. దేవుడికి దాంతో సంబంధం లేదు,” అని కూచున్నారు. అప్పుడు పీఠం మీంచి ఫక్కుమని నవ్వొచ్చింది. నవ్వింది సొలొమోను గారే. ఆపుకుందామని బైబిలు అడ్డం పెట్టుకున్నారు గానీ భుజాలు ఎగిరిపడుతూనే ఉన్నాయి. ఆ తర్వాత గుడిలో ఎవరికీ నవ్వు ఆగలేదు. సంజీవరావు గారు కూడా చివరికి మీసం చాటున నవ్వారు. కమిటీ వారు మాత్రం గ్లాసులన్నీ కొత్తవి కొనాలనీ, వాటి పెట్టెకి తాళం వెయ్యాలనీ తీర్మానం చేశారు.

మధ్యాహ్నం అన్నం దగ్గర పాస్టరు గారు అడిగారు. “ఇన్ని రోజులూ నాకు ఒక్క ముక్క చెప్పలేదేం, మార్తా?”

“చెబితే దాని మీద ప్రసంగం చేసేవారు.”

ఆయన పప్పు కలుపుకున్నారు. “చేసేవాణ్ణే,” అని ఒప్పుకుని, ఇంకో ముద్ద పెట్టుకున్నారు.