సీ-త్రీలో బాప్తిస్మం

ఇరవై ఎనిమిదేళ్లుగా ఆదివారం ఆరాధన ముగిసేదాకా కారులోనే కూర్చుని క్రికెట్ చూసుకునే ఆనందబాబు, ఉన్నట్టుండి బాప్తిస్మం తీసుకుంటానన్నాడు. అతని భార్య నవోమికి ఆ రోజు నుంచి కాళ్లు నేల మీద నిలవలేదు. అమెరికాలో వాళ్లుండే నోవై ఊరి తెలుగు చర్చిలో ఫోటోలు తీసేది ఆమే. ఆయన నీళ్లలోంచి పైకి లేచే ఆ ఒక్క క్షణం తన కెమెరాలో పడి తీరాలి. పెళ్లిలో దండలైతే ఫోటో కోసం మళ్లీ మార్పించవచ్చు. బాప్తిస్మం మళ్లీ ఇవ్వరు కదా!

ఆమె కెమెరా చక్రం మీద మూడు గుర్తులున్నాయి. కావలసిన సెట్టింగులు వాటిలో దాచుకుంటే, చక్రం తిప్పగానే అన్నీ ఒక్కసారే వచ్చేస్తాయి. సీ-వన్ చర్చి హాలుకి, సీ-టూ సండే స్కూలు పిల్లల పరుగులకి. సీ-త్రీ మాత్రం ఆయనకి. శనివారం మబ్బు వెలుగులో, పెరట్లో కూతురు జెమీమా చేత గుమ్మడికాయను టబ్బులో ముంచి లేపిస్తూ, నీటి తుంపర గాలిలో ఆగినట్టు కనబడేదాకా సరిచేసి సీ-త్రీలో దాచింది.

"మమ్మీ, పూర్ పంప్‌కిన్! ఎన్నిసార్లు బాప్తిస్మం ఇస్తావ్?" అంది జెమీమా.

ఆదివారం చెరువు దగ్గర ఎండ ఫెళ్లున కాసింది. నవోమి చక్రం సీ-త్రీకి తిప్పి, ఎండకు తగ్గట్టు కెమెరాలో వెలుగు తగ్గించుకుంది గాని, ఆ హడావుడిలో మళ్లీ దాచడం మరిచిపోయింది. పాస్టర్ షాలేం రాజు గారు నడుము లోతు నీళ్లలో ఆనందబాబు పక్కన నిలబడి ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన మొదలుపెడితే నోవైతో మొదలై ప్రపంచ దేశాలన్నీ చుట్టి రావలసిందే. ఒడ్డున అందరూ కళ్లు మూసుకున్నారు, నవోమితో సహా.

చాలాసేపు ముట్టుకోకపోవడంతో చేతిలో కెమెరా నిద్రలోకి జారుకుంది. కెమెరా నిద్రపోతే దాచని మార్పులు పోతాయని ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. "క్షమించు ప్రభువా" అనుకుంటూ కళ్లు తెరిచి, కెమెరాను లేపింది. అనుకున్నంతా అయింది. శనివారపు సెట్టింగే వచ్చి కూర్చుంది, చెరువంతా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది! గబగబా వెలుగు తగ్గించింది. ఈసారి మరిచిపోకుండా దాచింది కూడా.

"ఆమేన్!"

పాస్టర్ గారు ముంచారు. నవోమి బటన్ వదలకుండా నొక్కింది. ఆనందబాబు తల లేచింది. నీళ్లు నుదుటి మీంచి ముత్యాల్లా రాలుతున్నాయి, నోరంతా నవ్వు! ఒక్కో బొమ్మా అద్దంలా వచ్చింది. "వచ్చేసింది! దేవునికి స్తోత్రం!" అని నవోమి చిన్నపిల్లలా గెంతింది.

ఆనందబాబు ఒడ్డెక్కి, టవల్ కూడా అందుకోకుండా నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు.

"ప్రేయర్‌లో కళ్లు తెరిచావ్. నేను చూశా."

"మీరెలా చూశారండీ?"

అతను తడిచేత్తో ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"భయమేసింది నవోమీ. నువ్వెక్కడున్నావో అని వెతుక్కున్నా. కనబడ్డావ్, ఇంక మునిగిపోయా."