పిడికెడు బియ్యం డబ్బా

దెబోరమ్మ ప్రభువు దగ్గరికి పోయి ఏడాది తిరిగింది. ఆమె పెట్టె తెరిచి ఉన్నవేవో పంచుకుందామని కొడుకు అనిల్ కుమార్, ఆసిఫాబాద్‌లో ఉండే చెల్లెలు క్యాథరిన్‌ను మంథనికి పిలిపించాడు. మర్నాడే చర్చిలో కోత పండుగ. రెండు పనులూ ఒకే బస్సు ఛార్జీలో అయిపోతాయని ఆ మహానుభావుడి లెక్క.

అవుసుల రాంచందర్ వచ్చి చాప మీద కూర్చున్నాడు. గుండ్ల పేరును గీటురాయి మీద గీశాడు, కమ్మలను బుల్లి త్రాసులో వేశాడు, వెండి కడియాలను అరచేతిలో ఎగరేసి చూశాడు.

"మీ అవ్వ మోసపోయే మనిషి కాదు. అంతా మేలిమే" అన్నాడు.

గుండ్లు, కడియాలు అన్నకు, కమ్మలు చెల్లెలికి. పేచీ లేదు, మూతి విరుపులు లేవు. క్యాథరిన్ కమ్మలు అక్కడే పెట్టుకుని, వంటింట్లోకి పోయి ఒక రేకు డబ్బా పట్టుకొచ్చింది. మూత సొట్టపోయింది, రంగెప్పుడో ఊడిపోయింది.

"అన్నా, ఇది గూడ నాకే."

దెబోరమ్మ పూటపూటా ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి ఈ డబ్బాలో వేసేది. నిండితే చర్చికి చేరేది, అక్కడినుంచి పొయ్యి వెలగని ఇళ్లకు పోయేది. ఊహ తెలిసిననాటినుంచీ ఆ పిడికిలి మాత్రం క్యాథరిన్‌దే. "గట్టిగ పట్టు బిడ్డా, దేవుని దగ్గర పిసినారితనమా!" అంటూ అవ్వ తన చేత్తో ఆ చిన్న చేతిని మూసేది. ఆ చేతి వెచ్చదనం క్యాథరిన్‌కు ఇంకా గుర్తే. కమ్మలు దక్కకపోయినా ఓర్చుకునేదేమో గానీ, డబ్బా లేకుండా ఊరు కదిలే మనిషి కాదు.

అనిల్ కుమార్ ఊరుకుంటాడా! "రాంచందరన్నా, జర దీనికి గూడ వెల కట్టరాదు" అన్నాడు.

"గీనికి నా రాయెందుకు? పాత ఇనుప సామానాయన అర కిలో ఉల్లిగడ్డలిస్తడు."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. "నవ్వుండ్రి, నవ్వుండ్రి! గా ఉల్లిగడ్డలు మీరే తినుండ్రి" అని క్యాథరిన్ డబ్బాను మళ్లీ వంటింటి గూట్లో పెట్టింది. సోమవారం వెళ్లేటప్పుడు తీసుకోవచ్చులే అనుకుంది. అక్కడే కొంప మునిగింది.

ఈ మాటలు జరిగేటప్పుడు వదిన ఆరాధన పొలంలో ఉంది. ఆదివారం పొద్దున్నే డబ్బా చూసింది పాపం. అత్తమ్మ డబ్బా పండుగకు చేరకపోతే ఎట్లా అని కొత్త బియ్యంతో అంచుదాకా నింపి, బంతిపూలు చుట్టి, తీసుకెళ్లి చర్చిలో కోత బల్ల మీద పెట్టేసింది. మామూలు ఆదివారమైతే బియ్యం సంచిలో గుమ్మరించి డబ్బా ఇంటికి తెచ్చుకుంటారు. కోత పండుగనాడు అట్లా కాదు. గుమ్మడికాయ కానీ, కోడిపుంజు కానీ, బల్ల ఎక్కిందంటే దేవుని సొత్తే. ప్రార్థన అయ్యాక వేలంలో పాడుకుంటేనే మళ్లీ ఇంటికొస్తుంది.

"వదినె, ఎంత పని చేసినవ్!" అంది క్యాథరిన్, బల్ల మీద డబ్బా చూసి.

"అయ్యో, నువ్వడిగిన సంగతి నాకేం తెల్సు? అత్తమ్మ పేరు మీద ఇచ్చిన."

ఆ ముఖం చూసి ఇంకేమని తిడుతుంది!

సంఘపెద్ద ఏలియా డబ్బాను పైకెత్తాడు. "దెబోరమ్మ డబ్బా! ఎవల పాట?"

"అయిదు వందలు!" అని క్యాథరిన్ అందరికంటే ముందే అరిచింది. ఛార్జీ పోను ఆమె పర్సులో ఉన్నదంతా అదే.

"వెయ్యి!" వెనకనుంచి ట్రాక్టర్ జాన్సన్ లేచాడు. "వరదల్ల మా ఇల్లు కూలినప్పుడు గీ బియ్యమే తిన్నం. డబ్బా చర్చి అల్మారిల పెట్టిస్త."

ఇక చూడండి! ఆ బియ్యం తిన్నవాళ్లంతా ఒక్కొక్కరే లేచారు. రెండు వేలు, మూడు వేలు, జాన్సన్ మళ్లీ అయిదు వేలు. కొందరైతే కళ్లు తుడుచుకుంటూ మరీ పాట పెంచుతున్నారు. క్యాథరిన్‌కు ఒళ్లు మండిపోయింది. అవ్వ మీద అంత ప్రేమున్నవాళ్లు కాసేపు నోరు మూసుకోవచ్చు కదా!

చివరికి చెవికున్న కమ్మ ఊడదీసి చేయెత్తింది. "అవ్వ కమ్మలు! రెండూ!"

చర్చి అంతా ఆమె వైపు తిరిగింది.

"చిల్లరియ్య నా దగ్గర లేదు బిడ్డా" అన్నాడు ఏలియా. "రేకు డబ్బాకు బంగారమా? పెట్టుకో."

క్యాథరిన్ కమ్మను పిడికిట్లో బిగించింది. "మరి నా దగ్గరింకేమున్నది పెద్దబాపూ? అవ్వ పట్టిన పిడికిలున్నది" అంది. అన్నాక ఆమెకే తట్టింది. కళ్లు తుడుచుకుని గట్టిగా చెప్పింది. "గదే నా పాట. పూటకో పిడికెడు. నేను బతికున్నన్ని పూటలు."

జాన్సన్ కాసేపు వేళ్లు మడిచి లెక్క చూసుకుని కూర్చున్నాడు. "గా పాట నాతోని కాదు."

"నాది రెండు పిడికెళ్లు!" అని లేచాడు అనిల్ కుమార్, ఉండబట్టలేక.

ఆరాధన అంగీ పట్టుకుని లాగింది. "కూసో! పూటపూట వంటింట్లకొచ్చి తీసేదెవలు? నువ్వా?"

చర్చి గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే ఏలియా ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనేసి, బియ్యం సంచిలోకి వంచి, ఖాళీ డబ్బాను క్యాథరిన్ చేతిలో పెట్టాడు.

సోమవారం బస్టాండులో అనిల్ కుమార్ ఆ డబ్బాను బస్సు కిటికీలోంచి అందించాడు. బరువుగా ఉంది. మూత తీస్తే ఏముంది, ఉల్లిగడ్డలు!

"రాంచందరన్న కట్టిన వెల" అన్నాడు.

"నీ తెలివి సల్లగుండ!" అంటూ నవ్వి, ఉల్లిగడ్డలు సంచిలోకి తీయబోయింది. వాటి కింద, అడుగున, బియ్యం తగిలాయి.

"మొదటి పిడికెడు నాది" అన్నాడు అన్న, అటెటో చూస్తూ. "చిన్నప్పుడు అవ్వ ఎప్పుడూ నీ చెయ్యే పట్టేది. నాకెన్నడూ వంతు రాలే."

బస్సు కదిలింది. క్యాథరిన్ కిటికీలోంచి చేయి చాపి, అన్న చేతిని తన చేత్తో గట్టిగా మూసి వదిలింది.