నల్ల ప్లగ్గు, తెల్ల ప్లగ్గు

విశ్వేశ్వరరావు గారు ఆ నెలలో మూడోసారి బండి తోసుకుంటూ పుప్పాలగూడలోని నా షాపుకు వచ్చారు. ఆయనది కాకినాడ వైపు. ఇరిగేషన్‌లో ఉద్యోగం. బండికి ఇరవై ఆరేళ్ళు. రోజూ పొద్దున భార్య పుణ్యవతి గారిని వెనక కూర్చోబెట్టుకుని, హైటెక్ సిటీలో ఆమె పనిచేసే ఒక కంపెనీ వాళ్ళ పిల్లల క్రెష్ దగ్గర దింపి, తన ఆఫీసుకు పోతారు.

"మళ్ళీ ఫ్లైఓవర్ మీద ఆగిందయ్యా నర్సింహా. వెనక అన్నీ హారన్లు. ఆవిడ దిగి నడిచింది."

"మేడం ఏమన్నది?"

"బండిని తిట్టింది. అది మామూలే. రేపటి నుంచి కంపెనీ క్యాబ్‌కి పేరిచ్చేసిందట." ఆయన హెల్మెట్ లోపలికి చూస్తూ అన్నారు. "ఇంట్లో ఆవిడకి టీవీ, నాకు ఫోను. మేం మాట్లాడుకునేది ఆ అరగంటేనయ్యా."

సీటు ఎత్తి, కింద మడిచి ఉన్న తువ్వాలు ముక్క తీసి భుజాన వేసుకున్నాను. స్పార్క్ ప్లగ్గు విప్పితే మసి. పెట్రోలు ఎక్కువైతే వచ్చే నలుపు అది. కార్బురేటర్‌లో జెట్ అని ఇత్తడి ముక్క ఉంటుంది. దాని బెజ్జం ఎంతుంటే ఇంజనుకు పెట్రోలు అంత. మొదటిసారి నూటపది నంబరు జెట్ తీసి, బెజ్జం చిన్నదైన నూటఐదు వేశాను. రెండోసారి నూరు. అయినా మసే.

కొత్త ప్లగ్గు బిగించి, మైదానం దాకా గట్టిగా తోలి, అక్కడే ఆపి విప్పి చూశాను. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఈసారి పెట్రోలు చాలడం లేదు. ఆయన తోలితే నలుపు, నేను తోలితే తెలుపు. బండి ఒకటే. ఇన్నేళ్ళు పానా పట్టి ఇలాంటిది చూడలేదు.

చేతులు తుడుచుకుని, తువ్వాలు మడిచి సీటు కింద పెట్టి, బండి ఆయనకిచ్చాను.

"రేపు పొద్దుగాల మీ ఇంటికాడికొస్త సార్. మీరు తీసేటప్పుడు జర చూడాలె."

"రా. క్యాబ్ మాత్రం ఎనిమిదిన్నరకే."

ఎనిమిదింటికి వెళ్ళాను. సెల్లారు కార్లకే చాలదు కాబట్టి బండి గోడ పక్కన వానలో తడిసి ఉంది. పుణ్యవతి గారు టిఫిన్ బాక్సుతో దిగి వచ్చారు.

"బండి డాక్టరు ఇంటికే వచ్చాడే. ఇక కుదరదని చెప్పడానికా?"

తాను ఎక్కేది లేకపోయినా అలవాటుగా ఆమె చెయ్యి సీటు ఎత్తింది. తువ్వాలు తీసి, సీటు మొత్తం ఆయన కోసం తుడిచి, నాలుగు మడతలు వేసి, ముందు వైపు సందులో కుక్కింది. గాలి ఫిల్టర్ డబ్బా నోరు సరిగ్గా అక్కడే ఉంది.

"అమ్మా, ఈ గుడ్డ ఎప్పటిసంది పెడుతున్నరు?"

"వానలు మొదలయ్యాక. ముందు చేతిరుమాలంత గుడ్డ ఉండేది, తడి లాగేది కాదు. టర్కీ తువ్వాలు చింపి పెట్టాను. ఏం?"

"బండి గాలి పీల్చేది గక్కడికెల్లే. మీరేమో ముక్కు మూసిన్రు. ఊపిరాడక కొట్టుకుంటుంటే నేను తిండి తగ్గించిన."

"విన్నావా పుణ్యా?" అన్నారు ఆయన. "నెల్లాళ్ళు నా బండిని తిట్టావు."

"మూడుసార్లు సీటెత్తింది మీ డాక్టరేగా? ఆ గుడ్డకే చేతులు తుడుచుకున్నాడుగా, ఇదిగో మరకలు."

నేను తోలినప్పుడు ఆ గుడ్డ నా భుజం మీదుంది; గాలి ఆడింది, తగ్గించిన పెట్రోలు చాలలేదు. కూర్చుని నాలుగు స్క్రూలు విప్పి, సంచిలో ఉన్న పాత నూటపది జెట్ మళ్ళీ బిగించాను. ఒక్క కిక్కుకే అందుకుంది. గాలి స్క్రూ పావు తిప్పు తిప్పేసరికి చప్పుడు నిలకడైంది.

గేటు దగ్గర క్యాబ్ వచ్చి రెండుసార్లు హారన్ కొట్టింది.

"ఫ్లైఓవర్ దాటుతుందా నర్సింహా?" అని అడిగింది ఆమె.

"దాటుతదమ్మా. ఆగితే నేనొచ్చి తోస్త."

ఆమె క్యాబ్ దాకా వెళ్ళి, అద్దం దగ్గర వంగి ఏదో చెప్పింది. క్యాబ్ ఖాళీగా వెళ్ళిపోయింది. తిరిగి వచ్చి వెనక సీటు ఇంకోసారి తుడిచి, తువ్వాలును తన బ్యాగులో పెట్టుకుని ఎక్కింది.

గేటు దాటకముందే ఆమె మాటలు మొదలయ్యాయి. ఆయన తల కొంచెం వెనక్కి వంచి వింటున్నారు. మలుపు తిరిగేదాకా నేను ఇంజను విన్నాను. ఎక్కడా తెగలేదు.