బూడిద వదిలిన ఎరువు

హరిచందన మార్కాపురం దగ్గర ఒక ఫ్యాక్టరీలో కెమిస్టు. బాయిలరు పొగలోని గంధకాన్ని అక్కడ అమ్మోనియా నీళ్లతో కడిగేస్తారు. ఆ నీళ్లను మరిగిస్తే అమ్మోనియం సల్ఫేటు వస్తుంది. పైరుకు మంచి ఎరువే. కానీ ఈ ఫ్యాక్టరీది మసి రంగులో ఉండేది, చెమ్మ తగిలితే బండలా బిగుసుకునేది.

గిద్దలూరులో ఎరువుల దుకాణం నడిపే తండ్రి బ్రహ్మానందం కూతురి మీది ప్రేమతో కొన్ని బస్తాలు దింపుకున్నాడు. పండక్కి కాదు, తిట్టడానికే ఆమెను ఇంటికి పిలిచాడు.

"అర్ధవీడు రైతు మాల్యాద్రి మీ ఎరువును సుత్తి పెట్టి పగలగొట్టుకున్నాడంటమ్మా! ఇంగ ఈ సరుకు నా దుకాణంలోకి తేవద్దు."

హరిచందనకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే మేనేజరు శివకృష్ణ దగ్గరకు వెళ్లింది.

"పొగతో పాటు బూడిద కూడా నీళ్లలోకి దిగుతోంది సార్. పైగా హడావిడిగా మరిగిస్తున్నాం, ఎరువు పలుకులుగా పెరగకుండానే పొడైపోయి చెమ్మకు బిగుసుకుంటోంది. వడకడదాం, మంట తగ్గిద్దాం."

"పొగ శుభ్రమైతే చాలు కదమ్మా! ఎరువు ఎట్లుంటే ఏంది?" అన్నాడాయన. అయినా ఆమె పట్టు చూసి ఒప్పుకున్నాడు.

వడపోత గుడ్డ మొదటి పూటే బూడిదతో పూడుకుపోయింది. పంపు ఆగింది, ఫ్యాక్టరీ అంతా ఆగింది. శివకృష్ణ అందరి ముందూ కేకలేశాడు. ఉద్యోగం మానేద్దామా అనుకుంటూనే ఆమె షెడ్డు వెనక్కి నడిచింది. అక్కడ వాడకం లేని పాత తొట్టి కనిపించింది. గుడ్డకు ముందు నీళ్లు ఇందులో నిలిస్తే? బూడిద తనంతట తానే అడుక్కు చేరదూ?

చేరింది. తేరిన నీళ్లను వడకట్టి, సన్నటి సెగ మీద మరిగించారు. తెల్లటి పలుకులు రాలాయి. శివకృష్ణ గుప్పెడు తీసి వేళ్ల సందుల్లోంచి జారవిడిచి, "బాగా వచ్చిందమ్మా" అన్నాడు మెల్లగా.

హరిచందన ఒక బస్తా జీపులో వేసుకుని స్వయంగా మాల్యాద్రి మిరపతోటకు వెళ్లింది.

"ఇదీ మీదేనా పాపా? చక్కెర మాదిరుందే!" అంటూ అతను ఒక మడిలో చల్లి, మిగిలింది కొట్టంలో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ముసురు పట్టింది. మబ్బు విడిచిన పొద్దున తండ్రి ఫోన్ చేశాడు.

"మాల్యాద్రి వచ్చినాడమ్మా. బస్తా బిగుసుకోలేదంట, మిరప నవనవలాడతా ఉందంట. లారీ పంపుతావా?"

"లారీకి చాలేంత సరుకు ఇంకా లేదు నాయనా. ఇంకో తొట్టి కట్టిస్తున్నాం, కొంచెం ఓపిక పట్టు."

"పడతాలే," అన్నాడు బ్రహ్మానందం. ఆ గొంతులోని గర్వం విని హరిచందన నవ్వుకుంటూ కొత్త తొట్టి కడుతున్న చోటికి నడిచింది.