మా బావ ఆఖరి రోజులు

మా బావ పోశయ్య చచ్చిపోవడం మొదలుపెట్టింది ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు ఉగాదికి. అప్పటి నుంచి వానాకాలం దాకా రోజూ పొద్దున లేచి చావుకు సిద్ధమయ్యేవాడు, సాయంత్రానికి అందరి దగ్గరా సెలవు తీసుకునేవాడు, రాత్రి గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. రోజూ చచ్చేవాడికి ఏడ్చేదెవరు అంటారు. మా ఇంట్లో ఆ ఏడ్చే పని మా అక్క యాకమ్మకు పడింది.

మాది కొత్తవాడ. జంపఖానాలు నేసే ఇల్లు. పెద్ద జంపఖానా ఒక్కడితో అయ్యే పని కాదు, ఒకే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. ఆ కొసన బావ, ఈ కొసన నేను. ఆయన పంపిన దారం నేను అందుకోవాలి, నేను పంపింది ఆయన అందుకోవాలి. ఇద్దరిలో ఒకడు ఈ లోకంతో తనకు పని లేదంటే రెండోవాడు ఖాళీ చేతులతో గోడ చూస్తూ కూర్చోవాల్సిందే. అందుకని ఈ కథ చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త కారం వినిపిస్తే ఏమీ అనుకోకండి.

దీనికంతటికీ మూలం ఒక స్వామీజీ. హన్మకొండలో ఆయన ప్రవచనాల సభకు పరిచిన జంపఖానా మేం నేసిందే. అది ఎట్లా పరిచారో, జనం కూర్చుంటే ఎట్లా కనిపిస్తుందో చూసొద్దామని బావ వెళ్లాడు. చూసి రావలసినవాడు తానూ దాని మీద కూర్చున్నాడు. "ప్రతి రోజూ ఇదే నీ ఆఖరి రోజనుకుని బతుకు నాయనా" అన్నాడట స్వామీజీ. అక్కడున్న వేలమందిలో ఆ మాటను ఇంటిదాకా మోసుకొచ్చినవాడు మా బావ ఒక్కడే. మిగతావాళ్లు చెప్పులు వెతుక్కునే హడావిడిలో దాన్ని అక్కడే వదిలేశారు.

మొదటి రోజు బాగానే ఉంది. మాంసం కూర వండించుకుని తిన్నాడు. పిట్టగోడ తగాదాతో ఏళ్ల తరబడి మాటల్లేని పక్కింటి రామలింగం దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకున్నాడు. "అన్నా, నన్ను మాఫ్ చెయ్యి. రేపు ఉంటనో లేదో" అన్నాడు. రామలింగం కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడు కూడా బావ వెళ్లేసరికి "ఫికర్ చెయ్యకు పోశయ్యా" అన్నాడు. ఆ మర్నాడు తలుపు సగమే తీశాడు. వారం తిరక్కముందే నడివీధిలో అరిచాడు.

"నిన్న మాఫ్ చేసిన్నా లేదా? మల్ల ఇయ్యాలేంది? సచ్చేటిదుంటే సావు, లేకుంటే ఊకో!"

అంతటితో ఆ రెండిళ్ల మధ్య మళ్లీ మాటలు బంద్. చావబోయేవాణ్ణి క్షమించడం ఎవరికైనా చేతనవుతుంది. వాడు తెల్లారి పళ్లపుల్ల నములుతూ ఎదురొస్తేనే కష్టం.

చౌరస్తాలో చాయ్ హోటల్ నడిపే ఖాజా మొహినుద్దీన్ మంచివాడు కాబట్టి ఇంకొన్నాళ్లు ఓర్చుకున్నాడు. చివరికి ఆయనా అన్నాడు: "పోశన్నా, జర ఒక్క మాట. రోజు పొద్దుమీకి అల్విదా చెప్పి పోతానవ్, తెల్లారి మొదటి చాయ్ మల్ల నువ్వే తాగుతానవ్. నా దిల్ ఎన్నిసార్లు పలగాలె?"

హన్మకొండలో ఆ సభ పెట్టించిన రాజేశ్వర్ రావు గారు ఎండాకాలంలో మా ఇంటికే వచ్చారు. వచ్చే ఉగాదికి ఇంకా పెద్ద జంపఖానా కావాలన్నారు.

"గట్టిగ నెయ్యిరి పోశయ్యా. పదేండ్లు మన్నాలె. స్వామీజీ ఏటేటా వస్తనన్నరు."

నాకు ప్రాణం లేచొచ్చింది. మగ్గం మీద మిగిలిన పాత పడుగు దారాలతో ఒక్కడితో అయ్యే చిన్నాచితకా ముక్కలు నేసి అప్పటిదాకా ఇల్లు గడిపాం. బావ మాత్రం చేతులు జోడించాడు.

"ఇయ్యాల ఒక్క రోజుల అయ్యేటిదైతే చెప్పుర్రి సార్. పడుగు పోసుడంటే నెలల పని. నేను ఇయ్యాల దాంకనే ఉంట."

"గట్లని ఎవ్వలు చెప్పిండ్రు నీకు?"

"మీ స్వామీజీనే."

రాజేశ్వర్ రావు గారు కండువా సర్దుకుని లేచారు. "అది సభల కూసున్నోళ్లకు చెప్పిందయ్యా. జంపఖానా నేసెటోళ్లకు కాదు."

"నేను కూడ కూసున్న సార్" అన్నాడు బావ వినయంగా. దసరా లోపు ఏదో ఒకటి తేల్చమని చెప్పి ఆయన వెళ్లిపోయారు. నేను కాశిబుగ్గలో వేరేవాళ్ల మగ్గం మీద కూలికి కుదిరాను.

వానలు మొదలయ్యాక అక్కకు కడుపునొప్పి పట్టుకుంది. మొదట్లో వాము నమిలింది, కాపడం పెట్టుకుంది, ఎవరికీ చెప్పలేదు. నొప్పి వచ్చినప్పుడు రోకలి పట్టుకుని నిలబడిపోవడం చూసి నేనే దవాఖానకు తీసుకుపోయాను. కడుపులో గడ్డ ఉంది, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది, సోమవారం వచ్చి చేరండి, భర్త వచ్చి సంతకం పెట్టాలి అన్నాడు డాక్టరు. ఇంటికొచ్చి బావకు చెప్పాను.

ఆయన కళ్లు అరమోడ్చాడు. "సోమారం ఎవ్వడు సూసిండు బామ్మర్ది? రేపటి మాట నా ముంగట తీయకు."

తర్వాత అక్క తల మీద చెయ్యి పెట్టి, "నా తప్పులేమన్న ఉంటె మాఫ్ చెయ్యి యాకమ్మా" అని గద్గదంగా అన్నాడు. ఉన్న తప్పు ఎదురుగా నిలబడి ఉంటే లేని తప్పులకు మాఫీ అడిగే మనిషిని ఏం చేస్తాం? నాకు ఒళ్లు మండింది. ఆ సోమవారం పోయింది. దాని తర్వాతి సోమవారమూ పోయింది. ఆయన సంతకం లేనిదే దవాఖానకు రానని అక్క భీష్మించుకుంది. మొగుడు బతికుండగా తమ్ముడితో సంతకం పెట్టించుకోవడం ఆమెకు నామోషీ.

అక్క అరిచే మనిషి కాదు. ఒక సాయంత్రం పాలు కాచి, అందరికీ తలా ఒక గ్లాసు పోసి, గిన్నె కడిగి బోర్లించింది. పెరుగు లేనిదే మా బావకు అన్నం దిగదు. మర్నాడు కంచం ముందు కూర్చుని అడిగాడు.

"పెరుగేది?"

"తోడెయ్యలె."

"ఎందుకెయ్యలె?"

"రాత్రి తోడేస్తె తెల్లారి తినేది. నిన్న నీ ఆఖరి రోజాయె. ఎవ్వలకని ఎయ్యాలె?"

ఆ రోజు బావ నవ్వాడు. మర్నాడు తాగే నీళ్లు పట్టి ఉంచలేదు. ఆ మర్నాడు పొయ్యిలోకి కట్టెలు లేవు. అప్పటికే ఆ ఏడు మామిడికాయ తొక్కు కూడా పెట్టలేదని ఆయనకు ఆలస్యంగా తెలిసింది. చివరికి కంచం నెట్టేసి లేచాడు. "బతికుండంగనే నన్ను సంపుతానవా?" అన్నాడు.

"నువ్వు రోజు పొద్దుమీకంగనే సల్లగ సస్తానవ్" అంది అక్క. "తెల్లారి లేసి బోళ్లు తోమేటిది నేను. సచ్చుడు అల్కనే. రేపు లేసుడే కష్టం. ఆ కష్టమంత నా నెత్తినేసి నువ్వు స్వామివైతానవ్."

బావ నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను, ఆ ఏడు నాకు బాగా అలవాటైన పని అదే.

అది జరిగిన ఆదివారం నాడే అక్క పొయ్యి దగ్గర కుప్పకూలింది. రిక్షాలో వేసుకుని దవాఖానకు పరుగెత్తాం. రేపు పొద్దున్నే ఆపరేషన్ అన్నాడు డాక్టరు. "ముందే రావలసింది. ఇప్పుడు నేనేమీ గట్టిగా చెప్పలేను" అన్నాడు. బావ సంతకం పెట్టాడు. అక్షరాలు ఎంత వంకరపోయాయంటే ఆ పోశయ్య ఏ పోశయ్యో చెప్పడం కష్టం.

కొత్తవాడ మొత్తానికి రోజూ వీడ్కోలు చెప్పిన మనిషికి ఆ సాయంత్రం పెళ్లాం మంచం పక్కన ఒక్క మాట రాలేదు. ఇనుప మంచం పట్టె గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. నిజంగా ఆఖరిది అయ్యే వీలున్న రోజు మా ఇంట్లో అదే. అది అక్కకూ తెలుసు. ఆ రోజునంతా ఆమె రేపటి పనులు పురమాయించడానికే ఖర్చుపెట్టింది.

"ఇంట్ల తోడుకు కూడ పెరుగు లేదు. ఎదురింటి మొగిలమ్మనడిగి జర్రంత తెచ్చుకో. పాలు కాగినంక గోరెచ్చగయ్యేదాంక ఆగు. ఏలు పెట్టి సూడు, కాలొద్దు. తోడు ఎక్కువెయ్యకు, పులుస్తది. బీరపాదు రామలింగం గోడెక్కుతాంది, ఇటు మర్లేసి కట్టు, మల్ల పంచాయితైతది. తమ్మీ, నువ్వు రాజేశ్వర్ రావు సారు కాడికి పోయి పడుగు పోస్తానమని చెప్పు."

బావ ఆమె దుప్పటి సర్దాడు. "యాకమ్మా, నీకు భయమైతలేదా?"

"ఎందుకు కాదు? అయితాంది" అంది అక్క. "నాకు భయమైతాందని పాలు ఆగుతయా? ఇరిగిపోతయి. జల్ది పో."

ఇంటికి వచ్చి బావే పాలు కాచాడు. వేలు పెట్టి చూశాడు, ఆగాడు, మళ్లీ పెట్టి చూశాడు. నమ్మకం కుదరక నా వేలు కూడా పెట్టించాడు. తోడు వేసి, మూత పెట్టి, దాని మీద బరువు పెట్టి, పిల్లి రాకుండా అక్కడే పడుకున్నాడు. ఆ రోజు ఆయన ఎవరి దగ్గరా సెలవు తీసుకోలేదు.

పొద్దున ఆ గిన్నెను తువ్వాలలో మూటగట్టుకుని దవాఖానకు తెచ్చాడు. అక్కను లోపలికి తీసుకుపోయారు. మేం వరండాలో కూర్చున్నాం, గిన్నె ఆయన ఒళ్లో. స్వామీజీ చెప్పిన మాటేదైనా అప్పుడు ఆయనకు గుర్తొచ్చిందో లేదో నేను అడగలేదు, అడిగితే కొట్టేవాడిలా ఉన్నాడు. ఎండ వరండాలోకి వచ్చింది, మా కాళ్ల మీదికి ఎక్కింది. అప్పుడు నర్సు బయటికొచ్చింది.

"గడ్డ తీసేసిండ్రు. తెలివికొచ్చింది. తోడేసినవా, తోడేసినవా అంటాంది. ఏందది?"

బావ గిన్నె పైకెత్తి చూపించాడు.

"అయ్యో, ఇప్పుడేం పెట్టొద్దు. రేపు డాక్టర్ సారు చెప్పినంక సూద్దాం" అని ఆమె కదిలింది. బావ లేచి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"రేపు ఎప్పుడు బిడ్డా? పొద్దుగాల్నా, పగటీలా? రేపు ఎన్ని గంటలకు?"

నర్సు కసురుకుని వెళ్లిపోయింది. మా బావ గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి బోరున ఏడ్చాడు. అన్ని ఆఖరి రోజుల్లో ఆయన నిజంగా ఏడవడం నేను చూసింది అదొక్కసారే. నాకూ ఏడుపొచ్చింది.

ఆ పెరుగు ఎండకు అప్పటికే పులిసిపోయింది. ఇద్దరం వరండాలో కూర్చుని అదే తిన్నాం. బావ గిన్నె తుడిచి, తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు.

"దా బామ్మర్ది. పాలోడొచ్చే యాళ్లయింది."