బావగారి పేరు

మణికట్టుతో మూడు దెబ్బలు. అంతే, గట్టి పొర పలకలా జారి నా ఒళ్లో పడింది.

రోజూ మంచు చూసి రావడం నా ఉద్యోగం. గుంట తవ్వి, గోడలో స్తంభంలా ఒక ముక్క కోసి, దాని మీద పార బోర్లించి తడతాను. ముందు మణికట్టుతో పది దెబ్బలు, తర్వాత మోచేతితో పది, ఆఖరున భుజం కొద్దీ పది. ముప్ఫైకీ నిలబడితే వాలు మీది మంచు జారిపడుతుందన్న భయం లేదు. ఇవాళ మూడోదానికే విరిగింది. పైన గాలి బిగించిన పొర, దాని కింద గుప్పిట పట్టినా ముద్దకట్టని చక్కెర లాంటి పొడి. నిన్నటి నుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

పరుగున ఇంటికొచ్చేసరికి మా ఆయన అన్నగారు గుర్రానికి జీను బిగిస్తున్నారు. వాగు అవతల ఆయన నాలుగు చూడి గుర్రాలు మూడు రోజులుగా చిక్కుకుపోయి ఉన్నాయి. అక్కడ గడ్డి లేదు.

"బావగారూ, ఆక్‌జల్ వాలు కింద నుంచి వెళ్లొద్దండీ. మంచు నిలిచేలా లేదు."

"నీ గుంట చెప్పిందా?"

"గుంటే చెప్పిందండీ."

"నలభై ఏళ్లుగా అదే దారి. నువ్వు పారతో తట్టావని ఇవాళ నా నెత్తిన పడుతుందా? పోయి టీ పెట్టమ్మా."

ఒళ్లు మండింది. నాకు జీతమిస్తున్నది టీ పెట్టినందుకు కాదు.

"ఒక్క రెండు రోజులు ఆగండి."

"ఆగితే గుర్రాలు కాదు, తోళ్లు తెచ్చుకోవాలి" అని ఎక్కి వెళ్లిపోయారు. ఆ మాటా అబద్ధం కాదు.

ఇంట్లో ఉండలేక మళ్లీ గుట్టెక్కాను. కింద, కూతవేటు దూరంలో, ఆయన వాలు అంచుకు చేరుతున్నారు.

"బావగారూ!"

టోపీ కదిలింది. చెయ్యి ఊపి ముందుకే పోనిచ్చారు. మళ్లీ అరిచాను. ఈసారి చెయ్యి కూడా ఊపలేదు.

మా కిర్గిజ్ కోడళ్లు అత్తింటి పెద్దల పేర్లు పలకరు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆ పేరు నా నోట రాలేదు. కాగితం మీద రాయాల్సి వచ్చినా మా ఆయన చేతే రాయించాను. పలికిన కోడలి గురించి ఊళ్లో ముసలమ్మలు ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. చెప్పుకోనీ.

"ఎసెన్‌కుల్!"

గొంతు చించుకుని అరిచాను. గుర్రం ఆగింది. ఆయన జీనులోనే వెనక్కి తిరిగారు. అంత దూరానికీ కోపం కనబడింది. కొరడా ఎత్తి, గుర్రాన్ని తిప్పి నా వైపు తోలారు, తిట్టడానికే.

అప్పుడు దబ్బుమని నేల లోపల చప్పుడైంది. వాలు పైన అడ్డంగా ఒక గీత పడింది, దాని కిందున్న మంచు మొత్తం ఒక్కసారిగా దిగింది. మంచుపొడి తేలిపోయేదాకా ఏమీ కనబడలేదు. ఆయన గుర్రం మీదే ఉన్నారు. గుర్రం తోకకు పది గజాల అవతల దారి లేదు.

ఆయన కొరడా దించి, నన్ను దాటుకుని ఇంటికి వెళ్లిపోయారు.

మర్నాడు గుంట చూసి వచ్చేసరికి గుమ్మం ముందు గుర్రం జీనుతో సిద్ధంగా ఉంది. ఎక్కకుండా, నేల చూస్తూ నిలబడి ఉన్నారు బావగారు.

"ఏమ్మా, ఇవాళ నన్ను ఏమని పిలుస్తావు?"

ఆక్‌జల్ మీద రాలాల్సిందంతా నిన్ననే రాలిపోయింది.

"బావగారనేనండీ" అన్నాను. "వెళ్లి రండి."